ముందు బ్రేక్, తర్వాతే టర్బో

మన ఇళ్ళల్లో ఒక కుర్రాడు పాత కారు తెచ్చి, బానెట్ ఎత్తి, ఇంజన్ దింపి వాకిట్లో పరిచాడంటే రెండే రకాల మాటలు వినపడతాయి. "చదువు అబ్బలేదు, మెకానిక్‌గాడయ్యాడు, ఇంక వీడి జిందగీ ఇంతే" అని అమ్మీ అబ్బాల ఆహ్. "భాయ్, ట్విన్ టర్బో పెట్టెయ్, హైవే మీద దుమ్ము లేపుదాం" అని దోస్తుల వాహ్ వా. ఈ ఆహ్‌కీ ఆ వాహ్‌కీ మధ్య, ఆ కుర్రాడు అసలు ఏం పని చేస్తున్నాడో వంగి చూసేవాళ్ళు మాత్రం కనపడరు.

పలాస-కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా, అటు వజ్రపుకొత్తూరు, బారువ తీరం దాకా మనవాళ్ళ ఘరానాలు తక్కువే. అయినా ఫోన్ చేతిలో ఉన్న ప్రతి కుర్రాడికీ అమెరికాలోనో జపాన్‌లోనో ఎవరో ఇంటి గ్యారేజీలో కట్టిన కారు కనపడుతూనే ఉంది. మన రేకుల షెడ్డులో కూడా అలాంటిది కట్టాలన్న షౌక్ పుట్టడం తప్పేమీ కాదు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ షౌక్‌ని చంపకండి. అలాగని పూలదండలు వేసి రోడ్డు మీదికి తోలకండి. ఆ షెడ్డుని ఒక కార్ఖానాగా చూడండి. కార్ఖానా అన్నాక ఉస్తాద్ ఉండాలి, హిసాబ్ ఉండాలి, హద్దు ఉండాలి.

ముందు ఈ టర్బో సంగతేమిటో పెద్దవాళ్ళకి కూడా తెలియాలి. తెలియకుండా వద్దనడానికీ, తెలియకుండా భేష్ అనడానికీ తేడా లేదు.

మామూలు ఇంజన్ తన ఊపిరి తానే పీల్చుకుంటుంది. సైలెన్సర్ వైపు పోయే వేడి పొగలో ఇంకా బలం మిగిలే ఉంటుంది. ఆ బలంతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, అదే ఇరుసుకి రెండో కొసన ఉన్న చక్రంతో ఇంజన్‌లోకి గాలిని బలంగా కుక్కడమే టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఒకటికి బదులు రెండు టర్బోలు పెట్టి 1981లో ఇటలీ కంపెనీ మసెరాటి 'బైటర్బో' అనే కారు తెచ్చింది. 1990లలో టయోటా సుప్రా 3 లీటర్ల ఇంజన్‌కి రెండు టర్బోలతో వచ్చి కుర్రకారుని దీవానాలని చేసింది.

రెండెందుకు? మసెరాటిది వి-6 ఇంజన్. సిలిండర్లు రెండు వరసలుగా ఉంటాయి, ఒక్కో వరస పొగకి ఒక్కో టర్బో. సుప్రాకి ఆరు సిలిండర్లు. తక్కువ స్పీడులో ఒక టర్బో, స్పీడు పెరిగాక రెండోది కూడా తోడవుతుంది. అంటే రెండు టర్బోలకి సరిపడా పొగ పుట్టించే పెద్ద ఇంజన్లు అవి. మన వాకిట్లో ఉండేది 1.2 లీటర్ల చిన్న కారు. దానికి ఒక్క చిన్న టర్బో చాలు. రెండోది ఫోటో కోసమే. ఈ ఒక్క ముక్క మీ అబ్బాయిని అడిగి చూడండి: "బేటా, రెండెందుకు?" జవాబు లెక్కలతో వస్తే వాడికి హునర్ ఉన్నట్టు. "సౌండు బాగుంటుంది" అంటే ఇంకా షౌక్ దగ్గరే ఉన్నట్టు.

ఒక్క టర్బో అయినా అది ఇంజన్‌కి ఇచ్చేది ఖర్జ్ లాంటిది. ఎక్కడో ఒకచోట తీర్చాల్సిందే. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు 1 బార్. టర్బో ఇంకో 0.5 బార్ కుక్కిందంటే ఇంజన్‌లోకి దాదాపు ఒకటిన్నర రెట్లు గాలి వెళ్తుంది. దానికి తగ్గ పెట్రోల్ వెళ్ళాలి, అందుకు పెద్ద ఇంజెక్టర్లు, పంపు కావాలి. నొక్కిన గాలి వేడెక్కుతుంది, చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ కావాలి. టర్బో లేకుండా తయారైన పెట్రోల్ ఇంజన్‌లో మంటకి ముందే మిశ్రమాన్ని గట్టిగా నొక్కేలా పిస్టన్ ఉంటుంది. దానికి ఇంకా ఒత్తిడి తోడైతే పెట్రోల్ వేళకాని వేళ పేలి, టక టక మంటూ పిస్టన్‌నే తినేస్తుంది. హెడ్ గాస్కెట్ పోతుంది. కంప్యూటర్ ట్యూనింగ్ మార్చాలి. క్లచ్ తట్టుకోవాలి. టర్బో ఇరుసు నిమిషానికి లక్షకి పైగా చుట్లు తిరుగుతుంది, దానికి ప్రాణం ఆయిల్. ఎర్రగా కాలిన టర్బో మీద ఆ ఆయిల్ పైపు పగిలిందంటే అంటుకోవడానికి క్షణం పట్టదు.

ఇంత చెప్పినా మన కుర్రాళ్ళ లిస్టులో చివర ఉండేది బ్రేకులు. కొందరి లిస్టులో అసలే ఉండదు. బండి వేగం రెట్టింపైతే దాన్ని ఆపడానికి మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు. 60 మీద పోయే బండికీ 120 మీద పోయే బండికీ మధ్య తేడా అది. ఫ్యాక్టరీ వాళ్ళు ఆ కారుకి వేసిన బ్రేక్, టైరు, కమాను అన్నీ ఆ పాత ఇంజన్ బలానికి తూచి వేసినవి. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎడంపక్క ఆవు ఉంటుంది, కుడిపక్క రాంగ్ రూట్‌లో ఆటో వస్తుంది. నెత్తిన కట్టెల మోపుతో ముసలమ్మ రోడ్డు దాటుతూ ఉంటుంది. మన టర్బో షౌక్‌కి ఆమె ఎందుకు కీమత్ చెల్లించాలి? కాబట్టి మొదటి షరతు ఇదే. బ్రేకులకి డబ్బు పక్కన పెట్టకుండా టర్బోకి పైసా ఇవ్వకండి.

రెండో షరతు కానూన్. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వెళ్ళిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, ఇలా అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి 6 నెలల దాకా జైలు, లేదా మార్పుకి 5,000 రూపాయల చొప్పున జరిమానా, లేదా రెండూ అని రాశారు. ప్రతి మార్పుకీ లెక్కే. ఇన్స్యూరెన్స్ వాళ్ళు కూడా బానెట్ ఎత్తి చూసి క్లెయిమ్ కాదనే వీలుంది. అంటే రోడ్డు మీద ఎవరికైనా తగిలిందంటే ఆ భారం మొత్తం ఖాందాన్ మీద పడుతుంది. మనవాడి పేరు పోలీసు కాగితం మీద ఎక్కితే పేపర్లో ఎలా రాస్తారో, బజారులో ఏం మాట్లాడతారో మనకి వేరే చెప్పనక్కర్లేదు.

మూడో షరతు: ఏ కారు? ఇంట్లో అందరూ వాడుకునే కారు, కిస్తీలు కడుతున్న కారు, కిరాయికి తిప్పుతున్న కారు, ఇవి అమానత్. వీటి మీద ప్రయోగం చేసే హక్కు ఎవరికీ లేదు. ఉద్దానంలో ఈ మాటకి ఇంకో బరువుంది. ఇక్కడ ఎన్నో ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అంతకుముందు విశాఖ దాకా పరుగెత్తిన కుటుంబాలు ఎన్నో. డయాలసిస్ రోజున ఉదయాన్నే స్టార్ట్ కావాల్సిన కారు, స్టాండ్ల మీద చక్రాలు లేకుండా నిలబడి ఉండకూడదు. షౌక్ కోసమైతే తుక్కుకి పోయే పాత బండి వేరేగా కొనుక్కోవాలి. అదీ ఇంటి ఖర్చు, ఫీజు, మందులు అన్నీ పోయాక మిగిలిన సొంత సంపాదనతో. అప్పు తెచ్చి టర్బో కొంటే అది పచ్చి ఇస్రాఫ్. సొంత మెహనత్‌తో నెలకో పార్ట్ కొని, రెండేళ్ళు సబ్ర్ పట్టి కడితే అది తాలీమ్.

ఇప్పుడు అమ్మీ అబ్బాల వైపు తిరుగుతాను. "మెకానిక్‌గాడు" అనే మాట మన నోటి నుంచి పోవాలి.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను వజ్రపుకొత్తూరు దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే ఉర్దూలో సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుక కొబ్బరి తోటల్నీ జీడి తోటల్నీ నేలకి పరిచింది, వేలాది కరెంటు స్తంభాల్ని విరిచింది. జనరేటర్ నడిస్తేనే ట్యాంకుకి నీళ్ళెక్కిన రోజులు అవి. అలాంటి రోజుల్లో ఊరికి కావాల్సింది మూలపడ్డ డీజిల్ ఇంజన్‌ని లేపే చెయ్యి. డిగ్రీ కాగితానికి ఆ పని చేతకాదు. మామూలు రోజుల్లో కూడా చూడండి. పలాస జీడి ఫ్యాక్టరీల్లో గింజల్ని ఆవిరి పెట్టే బాయిలర్, పప్పు ఆరబెట్టే బోర్మా, మంచినీళ్ళపేట, నువ్వలరేవు పడవల ఇంజన్లు, పొలాల్లో మోటార్లు, ఇవన్నీ వేడి, ఒత్తిడి, ఆయిల్, గాలి అనే నాలుగు మాటల చుట్టూ తిరిగేవే. టర్బో కారుని సరిగ్గా కట్టగలిగిన కుర్రాడికి ఈ నాలుగూ అర్థమైనట్టే. వాడి రిజ్క్ ఈ తీరంలోనే ఉంది.

ఈ హునర్ మన భాషకి కూడా కొత్త కాదు. పానా అనే మాట ఉర్దూలోనూ తెలుగు గ్యారేజీలోనూ ఒకటే. లారీ కింద కమాను కట్టలు అంటాం, కమాన్ అంటే విల్లు. 1206లో దియార్‌బకర్ దర్బారులో పనిచేసిన అల్ జజరీ తన యంత్రాల కితాబు పూర్తి చేశాడు. అందులో రెండు సిలిండర్లతో నీళ్ళు లాగే పంపు ఒకటి ఉంది. ఆయన గొప్పతనం యంత్రం కట్టడంతో ఆగలేదు. ఏ ముక్క ఎంత కొలత, ఎలా అమర్చాలి అన్నది బొమ్మలతో రాసి పెట్టాడు, తర్వాత వచ్చే కారీగర్ మళ్ళీ కట్టుకునేలా. మన కుర్రాళ్ళు యంత్రం విప్పడం నేర్చారు, రాయడం నేర్వలేదు. అందుకే నాలుగో షరతు ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్. ఏ రోజు ఏ బోల్టు ఎంత బిగించాం, ఏ పార్టు ఎంతకి కొన్నాం, ఏది ఎందుకు పోయింది, అన్నీ తారీఖుతో. ఆ నోట్‌బుక్ లేని షెడ్డులో జరిగేది ఆట. ఉన్న షెడ్డులో జరిగేది ఇల్మ్.

మరి కట్టిన కారు ఎక్కడ నడపాలి? హైదరాబాద్ బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. సుధాకర్ యాదవ్ అనే ఆయన బర్గర్, కెమెరా, బూటు ఆకారాల్లో నడిచే కార్లు కట్టి అక్కడ పెట్టాడు. 2005లో 41 అడుగులకి పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ కట్టి, తొక్కి చూపించి గిన్నిస్‌కెక్కాడు. ఆయన షౌక్‌కి ఒక చోటు ఉంది, చూడ్డానికి వచ్చే పిల్లలున్నారు. వేగమే కావాలంటే కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాక్ ఉంది. లైసెన్సు, హెల్మెట్, అంబులెన్స్ అన్నీ ఉండే చోట్లు అవి. ఇంజనీరింగ్ పిల్లలు సొంతంగా బండి కట్టి పోటీ పడే బాజా పోటీని ఎస్‌ఏఈ ఇండియా 2007 నుంచి నడుపుతోంది. టెక్కలిలోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. చదువుకునే కుర్రాడూ గ్యారేజీ కుర్రాడూ ఒకే షెడ్డులో కూర్చుంటే ఒకడికి లెక్క, ఇంకొకడికి చెయ్యి దొరుకుతాయి. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు రెండేళ్ళు. ఇప్పటికే పని వచ్చినవాళ్ళకి ఆ పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ స్కీములూ ఉన్నాయి.

"టర్బోల కాలం అయిపోయింది కదా, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు కూడా జరిగింది" అని కొందరంటారు. నిజమే. రేపు పెట్రోల్ పోవచ్చు. కొలవడం, రాయడం, తప్పు ఎక్కడుందో వెతకడం మాత్రం పోవు. బ్యాటరీకి కూడా వేడి ఉంటుంది, దానికీ హద్దు ఉంటుంది.

కాబట్టి పెద్దలారా, ఈసారి వాకిట్లో ఇంజన్ కనపడితే అరవకముందు షెడ్డులోకి వెళ్ళండి. కారు కింద జాకీ ఒక్కటే ఉందా, గట్టి స్టాండ్లు కూడా ఉన్నాయా చూడండి. తలుపులు మూసి ఇంజన్ ఆన్ చేయనివ్వకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోలా ప్రాణం తీస్తుంది. వెల్డింగ్ చేసే చోట పెట్రోల్ డబ్బా ఉంటే తీయించండి. నిప్పు ఆర్పే సిలిండర్ ఒకటి మీ డబ్బుతోనే కొనివ్వండి. ఊళ్ళో ముప్పై ఏళ్ళ అనుభవమున్న మేస్త్రీ ఎవరైనా ఉంటే, ఆయన ఏ మతం వాడైనా, చాయ్‌కి పిలిచి "మా వాణ్ణి షాగిర్ద్‌గా చూసుకోండి" అని అడగండి.

తమ్ముళ్ళారా, మీకు చెప్పేది ఒక్కటే. బండి పరిగెత్తడం చూసి వాహ్ వా అనేవాళ్ళు చాలామంది దొరుకుతారు. అది ఆగాల్సిన చోట ఆగినప్పుడు తలూపేవాడే ఉస్తాద్. ఆయన చేత తలూపించుకోండి, ఆ తర్వాత టర్బో మాట ఎత్తండి.