కష్టం శాపమని ఎవడన్నాడు?

కష్టాల్లో ఉన్న విశ్వాసిని చూసి "నీ ప్రార్థనలో ఎక్కడో లోపముందమ్మా" అనే ప్రతి బోధకుణ్ణీ నేను అబద్ధికుడంటాను. కోపమొస్తే రానివ్వండి. జ్వరంతో మూలిగే బిడ్డను భుజానేసుకుని కూటానికొచ్చిన కూలితల్లి చేతిలో నూనె సీసా పెట్టి, కొంగుముడి విప్పించి, బిడ్డ తేరుకోకపోతే "నీకు విశ్వాసం చాల్లేదు" అని నేరం ఆమె మీదికే నెట్టేవాడు దైవజనుడెలా అవుతాడు? వాడు వ్యాపారి. అమ్మిన సరుక్కి పూచీపడని వ్యాపారి.

యోబు గ్రంథం చదివామంటారు. ఆ ముగ్గురు స్నేహితులు ఏమన్నారో గుర్తుందా? పాపం చేశావు గనకే నీకీ గతి అన్నారు. చివరికి దేవుడి కోపం ఎవరి మీద రగిలింది? బూడిదలో కూర్చుని దేవుణ్ణే నిలదీసిన యోబు మీద కాదు, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకున్న ఆ ముగ్గురి మీద. పౌలు తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తియ్యలేదు. పౌలుకి విశ్వాసం చాల్లేదా? ఆ మాట మైకు ముందు నిలబడి చెప్పండి చూద్దాం.

మీరు చెప్పలేరు. చెబితే హుండీ కదలదు.

కష్టంలో నిలబడ్డ విశ్వాసం ఎలా ఉంటుందో చూపే ఒంగోలు చరిత్ర తెలియని తెలుగు క్రైస్తవుడు తన పునాది తెలియనివాడే. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వర్తకుడు బాప్తిస్మం తీసుకున్నాడు. అతని వెంట నడిచినవాళ్ళు మూడు సంగతులకు కట్టుబడ్డారు: ఆదివారం పనికి పోం, చచ్చిన గొడ్డు మాంసం ముట్టం, విగ్రహాల కొలుపుల్లో డప్పు కొట్టం. వినడానికి చిన్నవే. ఊరి పెత్తందార్లకు మాత్రం అది తిరుగుబాటు. పనులు మాన్పించారు, వేధించారు, దొంగతనాలు అంటగట్టారు. యేసుని నమ్ముకున్నందుకు వాళ్ళకు దొరికిన మొదటి దీవెన అది! అయినా ఆదివారం వదల్లేదు.

తర్వాత 1876 నుంచి 78 దాకా మహా కరువు. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న జనానికి పని చూపించాడు. వేలమంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఏడాదికి పైగా తలుపు మూసి ఉంచాడు. సాయం ఆగాక, ఇక ఇవ్వడానికేమీ లేదు వెళ్ళిపొమ్మన్నాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు.

గోధుమ రవ్వకీ పాలపొడికీ అమ్ముడుపోయారని ఇప్పటికీ నోరు పారేసుకునే పెద్దమనుషులారా, మీతోనే చెబుతున్నాను. ఈ లెక్క ఒకసారి చూడండి. మతం వల్ల మాకేం ముట్టిందో 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వునడగండి. 1956లో సిక్కు దళితుణ్ణి అందులో చేర్చారు, 1990లో బౌద్ధ దళితుణ్ణి చేర్చారు. క్రైస్తవ దళితుడు బయటే ఉన్నాడు. బాప్తిస్మంతో కులం పోయిందని ప్రభుత్వం రాసుకుంది. ఊళ్ళో పెత్తందారు మాత్రం ఒక్కరోజు కూడా మర్చిపోలేదు. రిజర్వేషన్ సీటు పోయినా, ఉద్యోగం పోయినా, క్రైస్తవులమన్న నిజమే రాయించుకున్న కుటుంబాలున్నాయి. లాభం కోసం నమ్మేవాడు ఈ నష్టానికి సంతకం పెడతాడా?

ఇప్పుడు మనవాళ్ళ సంగతికొద్దాం. ఇంతటి నష్టాన్ని ఓర్చి నిలబడ్డ జనానికి మనం చేస్తున్నదేమిటి? ఒకే రొట్టె విరిచి తిని, ఆ చేయి తుడుచుకునే లోపే సంబంధానికి కులం అడుగుతున్నాం. మాలలకో మందిరం, మాదిగలకో మందిరం, అగ్రకులం నుంచి వచ్చిన విశ్వాసికి ముందు వరసలో కుర్చీ. సంఘం ఎన్నికలొస్తే కోర్టులకెక్కుతాం, మిషనరీలు ఆసుపత్రుల కోసం కూడబెట్టిన స్థలాల మీద కొట్టుకుంటాం. కాపరి కొత్త కారుకి ఉపవాస ప్రార్థన పెడతాం, సంఘంలో విధవరాలి అద్దె బాకీకి తలొంచుకుని పోతాం. ఇది భక్తి అయితే, అరణ్యంలో ఐగుప్తు మాంసపు కుండల కోసం ఏడ్చినవాళ్ళూ భక్తులే.

విశ్వాసమంటే కష్టం రాకుండా కట్టించుకునే తాయెత్తు కాదు. మనం నమ్మిన యేసు గెత్సేమనేలో చెమటోడ్చి అడిగితేనే గిన్నె తొలగిపోలేదు. నీకూ నాకూ తొలగిపోతుందని ఎవడు హామీ ఇచ్చాడు? ఆయన ఇచ్చిన మాట ఒక్కటే, తోడుంటానని. ఆ తోడు చాలుననుకున్నవాడే గుండ్లకమ్మలో దిగాడు. చాలదనుకునేవాడు నూనె సీసా కోసం వరసలో నిలబడ్డాడు.

నువ్వే వరసలో ఉన్నావు?

పోయిన ఏడాది నీ ప్రార్థనల్లో అడిగినవన్నీ ఒక కాగితం మీద రాసుకో. అందులో నీ ఇంటి గడప దాటిన మనవి ఎన్ని ఉన్నాయో నువ్వే లెక్కపెట్టుకో. ఈ ఆదివారం కూటంలో నీ పక్కన కూర్చున్నామె ఎందుకు ఏడుస్తుందో అడుగు. ఆమె పొయ్యి వెలగకపోతే నీ దశమభాగం అక్కడ పెట్టు. వేదిక మీద ఎవరైనా ఆమె ఏడుపుని శాపమంటే, లేచి నిలబడి అది అబద్ధమని చెప్పు. సంఘంలోంచి వెలివేస్తారేమో. వెయ్యనీ. మన తాతలు ఊరి వెలినే భరించి నిలబడ్డారు.