రమ్మందుమా, ఉండుమందుమా?

నరసరావుపేట, గురజాల, మాచెర్ల ప్రాంతములలో నేడు నలుగురు పెద్దలు కూడినచోట మిరప ధరల ప్రసంగము ముగియగనే అమెరికా ప్రసంగము బయలుదేఱుచున్నది. "మీ అబ్బాయి క్షేమమేనా?" యని పూర్వము మర్యాదకొఱకు అడుగుచుండిరి, ఇప్పుడు భయముచేత అడుగుచున్నారు. భయమునకు కారణము లేకపోలేదు. 2017 ఫిబ్రవరి 22వ తేదీన కాన్సస్ రాష్ట్రమునందలి ఒలేత పట్టణమున కూచిభొట్ల శ్రీనివాస్ అను తెలుగు ఇంజనీరును, తన దేశము విడిచి పొమ్మని కేకలు వేయుచు ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపెను. అది యొక ఉన్మత్తుని దుశ్చేష్ట యని నాడు మనము సమాధానపడితిమి. 2025 సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు ట్రంపు క్రొత్త హెచ్-1బీ దరఖాస్తునకు లక్ష డాలర్లు చెల్లింపవలయునని ప్రకటించిన పిదప ఆ సమాధానము చాలకుండ పోయినది. హంతకుని కేకయు, ప్రభుత్వ ప్రకటనయు ఒక్కటేయని మేమనము. కాని ఆ వీసాలలో నూటికి డెబ్బదికి పైగా భారతీయులవే యగుచుండగా దెబ్బ యెవరికి తగులునో చెప్పనక్కఱలేదు. బిడ్డలను తిరిగి రమ్మందుమా, వేఱొక దేశమునకు తరలుమందుమా, ఉన్నచోటనే యుండుమందుమా యని తలిదండ్రులు తర్కించుకొనుచున్నారు.

ఈ ప్రశ్న తెలుగువారికి క్రొత్తది కాదు. రంగూను రేవున ఓడల సరకు ఎగుమతి దిగుమతుల పని యొకప్పుడు తెలుగు కూలీల చేతిలో నుండెను. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరిట బర్మావారు వారిని కోరంగీలనిరి; ఆ పేరు క్రమముగా తిట్టుగా మాఱినది. పలనాటినుండి పోయినవారు తక్కువ; విశాఖ, గంజాము, గోదావరి మండలములవారే మెండు. 1930 మే నెలలో ఆ కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. ఓడల గుత్తదారులు బర్మా పనివాండ్రను దెచ్చి సమ్మెను విఱుచుటకు యత్నించిరి. అంతలో తెలుగువారితో రాజీ కుదిరినది. మే 26వ తేదీ ఉదయమున పనికి వచ్చిన బర్మావారిని, మీతో నిక పని లేదు పొండనిరి. రేవులో పుట్టిన కలహము నగరమంతట వ్యాపించెను. వీథివీథిని తెలుగువారిని వేటాడిరి. మృతులు నూటికి పైబడిరి. వేలకొలది జనులు పాత పిచ్చియాసుపత్రి గోడల నడుమ తలదాచుకొనిరి. ఆ కాలమున రంగూనులో మేజిస్ట్రేటుగా నుండిన మారిస్ కాలిస్ ఈ ఘోరమును తన గ్రంథమున వర్ణించియున్నాడు.

ఇందు పాఠకులు గమనింపవలసిన దొకటి కలదు. తన్నుకొనిన ఇరువర్గముల కూలిని నిర్ణయించినవాడు మూడవవాడు. వానికి గీత గాయమైనను తగులలేదు. నేటి అమెరికాలోను కథ యించుమించుగా నంతే. హెచ్-1బీ ఉద్యోగి పని పోయిన 60 దినములలో వేఱొక యజమానిని వెదకికొనవలయును. లేనిచో మూట కట్టవలసినదే. శాశ్వత నివాసపు పత్రములలో ఏ యొక్క దేశమునకును నూటికి ఏడుపాళ్లకు మించి యీయరాదను నిబంధనచేత మనవారు దశాబ్దములు వరుసలో నిలుచుచున్నారు. ఆ కాలమంతయు యజమాని దయమీదనే బ్రతుకు. అట్టివాడు జీతమునకై గట్టిగా నోరు విప్పజాలడు. అది చూచి అచ్చటి పనివాడు, వీడు నా కూడు తీయుచున్నాడని పగపట్టును. పగ యన్యాయమే, పగ పుట్టిన చోటు మాత్రము కల్పితము కాదు.

బర్మాలో తరువాత జరిగినదేమి? 1937లో బర్మాను భారతదేశమునుండి వేఱుచేసిరి. 1938 జూలైలో మఱల రక్తపాతము. 1941 డిసెంబరు 23వ తేదీన రంగూనుపై జపాను బాంబులు పడినవి. ధనము గలవారికి ఓడలలో చోటు దొరకినది. లేనివారు ఆరకాను, మణిపురము కొండలమీదుగా నడిచిరి. లక్షలకొలదిగా బయలుదేఱినవారిలో వేనవేలు దారిలో వ్యాధిచేతను, ఆకలిచేతను రాలిపోయిరి. నిలిచినవారికి 1964లో వర్తకముల జాతీయీకరణముతో మఱల ప్రవాసము ముగిసినది. విశాఖపట్టణమునందలి బర్మా క్యాంపు ఆ నాటి గుఱుతే. పదునొకండేండ్లలో ఇన్ని హెచ్చరికలు వచ్చినను ఏల కదలలేదని వారిని నిందించుట సులువు. మేస్త్రీకి చెల్లింపవలసిన బాకీ వారిని కట్టివేసినదని మఱువరాదు.

ఇక మూడవ దేశము మాట. అమెరికా విడిచి పోవుటకు క్షేమమైన తావేది? 2025 జూలైలో ఐర్లండు రాజధాని పొరుగుననే ఒక భారతీయుని చావమోదిరి. అదే సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఆస్ట్రేలియా నగరములలో వలసలకు వ్యతిరేకముగా ఊరేగింపులు సాగినవి. కెనడా 2024లోనే విద్యార్థి అనుమతులకు కోత పెట్టినది. పొయ్యి మార్చినంత మాత్రమున సెగ తప్పదు. ఇది తెల్లవారి గుణమే యనుకొందుమా? 1952లోను, 1969లోను హైదరాబాదు వీథులలో కోస్తావారిని పొమ్మని అఱచినవారు మన భాష మాటలాడువారే.

స్వదేశమో? పలనాటిలో కోడిపందెమునందోడి యేడేండ్లు వలసపోయిన మాచెర్లవారి కథ మనకు కంఠోపాఠము. ఆ కథ ముగిసినదని యెవరనగలరు? 2019లో రాజకీయ కక్షలకు వెఱచి ఊళ్లు విడిచితిమని చెప్పిన పలనాటి కుటుంబములు గుంటూరు శిబిరమున తలదాచుకొనలేదా? "ఇంటికి రమ్ము" అనువారు, ఇల్లు ఎట్లున్నదో కూడ చెప్పవలయును.

మా యభిప్రాయ మిది. పౌరసత్వము పొందినవారు నిలువవలయును. అచ్చటి న్యాయస్థానము శ్రీనివాస్ హంతకునకు యావజ్జీవము విధించినది. అడ్డుపడి గుండుదెబ్బ తినిన ఇయన్ గ్రిలట్ అమెరికావాడే. అట్లని యేమఱుట తగదు: 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున భారతీయుడు శ్వేతజాతీయుడు కాడని తీర్పు చెప్పి, పెక్కుమంది భారతీయుల పౌరసత్వమును ఊడబెఱికిన దేశమది. వీసా మీద నున్నవారి సంగతి వేఱు. వారు నేడే పరుగిడనక్కఱలేదు, కాని తేదీ యొకటి మనసులో నుంచుకొనవలయును: పిల్లవాడు ఏ తరగతికి వచ్చులోపల, ఎంత బాకీ తీరిన పిదప. ఆఱు నెలల గ్రాసము చేతనుంచుకొని, అచ్చట పుట్టిన పిల్లలకు ఓసీఐ పత్రములు సిద్ధపఱచుకొనవలయును. రంగూనులో ఓడ దొరకుచుండగా కదలినవారు కొండదారి కష్టములను తప్పించుకొనిరి.

ఇచ్చటి పెద్దలు మఱియొక పని చేయవలయును. వీసా చూచి వరుని వెల కట్టుట మానవలయును. ఆ వెల పోవునను సిగ్గుచేతనే ఉద్యోగము పోయినను చెప్పక దాచుకొనుచున్న యువకులు కలరని వినుచున్నాము. ఈ యేడు కొడుకు చదువునకై పొలము తాకట్టు పెట్టదలచినవారు, మాగాణి మొత్తము వ్రాయక, తిరిగి వచ్చినవానికి కూడు పెట్టునంత భూమి మిగిల్చి తక్కినది వ్రాయుదురుగాక.