మిగిలిన తారుకు ఆశపడకండి

“పక్క వీధిలో పని చేస్తున్నాం. కాస్త తారు మిగిలింది. సగం ధరకే మీ డ్రైవ్‌వే వేసేస్తాం” అంటూ ట్రక్కులో వచ్చి ఎవరైనా తలుపు తడితే బేరమాడకుండా పంపించేయండి. అరిజోనాలోని ఫీనిక్స్, చాండ్లర్, గిల్బర్ట్‌లలో కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాళ్లకు ఈ మాట గట్టిగానే చెప్పాలి. అమెరికాలో ఇది ఎప్పటినుంచో ఉన్న మోసం. పనితెలిసిన కాంట్రాక్టరు తారు లెక్కగట్టి తెచ్చుకుంటాడు, ఇంటింటికీ తిప్పి అమ్మేంత మిగుల్చుకోడు. వీళ్లు దిమ్మిస కొట్టని మట్టి మీద పల్చటి పొర పరిచి, నగదు పుచ్చుకుని మాయమవుతారు. మాన్‌సూన్ వాన ఒక్కటి గట్టిగా పడితే అంచులు విరిగిపోతాయి.

మేలైన తారైనా అక్కడి ఎడారిలో నేను వద్దనే అంటాను. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి గరిష్ఠ వేడి 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. అలాంటి మధ్యాహ్నం నల్లటి నేల 160 డిగ్రీలు దాటుతుంది, క్షణాల్లో అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. మన ఇళ్లలో చెప్పులు గరాజ్‌లో విడిచే అలవాటు. వేసవికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ ఉత్తరాల పెట్టె దాకానే కదా అని వట్టికాళ్లతో బయల్దేరుతుంది. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలుతున్న సంగతి ఆమెకు తెలియనే తెలియదు. లేత రంగు కాంక్రీటు తారంత వేడెక్కదు గానీ అదీ కాలుస్తుంది. చెప్పులు గుమ్మం దగ్గరే ఉంచండి.

డబ్బు తక్కువైతే చక్రాలు నడిచే మేర రెండు కాంక్రీటు పట్టీలు, మిగతాచోట్ల గ్రానైట్ పొడిరాయి వేయించుకోవడం నా సలహా. రాయి పావు అంగుళం, అంతకన్నా సన్నం, పొడితో కలిసి ఉండాలి. తడిపి దిమ్మిస కొడితే అదే బిగుసుకుంటుంది. గుండ్రటి గులకరాళ్లు చూడముచ్చటగా ఉంటాయి, చక్రం మాత్రం దిగబడుతుంది. కొన్నిచోట్ల అడుగున కాలిచీ అనే సున్నపు గట్టి పొర నీళ్లను ఇంకనివ్వదు, అందుకే వాలు ఇంటి వైపు కాకుండా వీధి వైపు పెట్టించండి. కాంక్రీటు తెల్లవారుజామునే పోయించి, వారం రోజులు తడి ఆరకుండా చూడండి. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి, నగరం దుమ్ము నిబంధనలు ముందే కనుక్కోండి. వేశాక తీయించడం రెట్టింపు ఖర్చు.

అరిజోనాలో కూలీ, సామాను కలిపి వెయ్యి డాలర్లు దాటే పనికి కాంట్రాక్టరుకు లైసెన్సు తప్పనిసరి. రిజిస్ట్రార్ ఆఫ్ కాంట్రాక్టర్స్ వెబ్‌సైట్లో నంబరు వెతికి, ఆ పేరూ ఒప్పందం మీది పేరూ ఒకటేనా చూడండి. లైసెన్సున్న ఇళ్ల కాంట్రాక్టరు ముంచితే పరిహారం అడగడానికి ఆ శాఖ దగ్గర నిధి ఉంది. లైసెన్సు లేనివాడి చేతిలో నోట్లు పెడితే ఆ దారీ మూసుకుపోతుంది.

ఇప్పటికే గుమ్మం దగ్గర సంతకం పెట్టేశారా? ఇంటికొచ్చి చేసే అమ్మకాల్లో 25 డాలర్లు, ఆపైన అయితే సాధారణంగా మూడు పనిదినాల్లోగా రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ నిబంధన ఇస్తోంది. ఫోనులో చెప్పి ఊరుకోకుండా, రద్దు ఉత్తరం రాసి ఈరోజే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.