కడుపులో పుండ్లు: కారణాలు, చికిత్స



చుండూరు ప్రాంతంలో నాట్లు మొదలైతే మన అక్కచెల్లెళ్ళు తెల్లవారుతూనే పొలానికి వెళతారు. రోజంతా వంగి పని చేస్తే సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. మందుల షాపులో రెండు నొప్పి బిళ్ళలు కొని మింగి, మరునాడు మళ్ళీ పనికి పోతారు. కొన్నాళ్ళకు కడుపులో మంట మొదలవుతుంది. గ్యాస్ అనుకొని సోడా తాగి ఊరుకుంటారు. కాని అది పుండు కావచ్చు.

పుండు ఎలా పడుతుంది?

అన్నం అరగడానికి జీర్ణకోశంలో ఘాటైన ఆమ్లం ఊరుతుంది. అది కడుపు గోడలను తినివేయకుండా లోపల జిగురు పొర కాపాడుతుంది. ఆ పొర దెబ్బతిన్నచోట పుండు పడుతుంది. జీర్ణకోశంలోను, చిన్నప్రేవు మొదటి భాగంలోను ఇవి వస్తాయి.

కారణాలు

కారం, పచ్చళ్ళు, దిగులు వలన అల్సర్ వస్తుందని డాక్టర్లు కూడ చాలాకాలం నమ్మారు. కారం మంటను పెంచవచ్చు గాని పుండుకు అసలు కారణం కాదు. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో డాక్టర్ బారీ మార్షల్, డాక్టర్ రాబిన్ వారెన్ ‘హెలికోబాక్టర్ పైలోరి’ అనే క్రిమిని పెంచి చూడగలిగారు. చాలామంది నమ్మకపోవడంతో 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకున్నారు. 2005లో వారిద్దరికి నోబెల్ బహుమతి లభించింది. ఈ క్రిమి సాధారణంగా చిన్నతనంలోనే ఒకరినుండి ఒకరికి సోకుతుంది. చాలామందికి ఏ బాధా ఉండదు, కొందరికి పుండు పడుతుంది.

రెండవ కారణం నొప్పి మందులు. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి కడుపుకున్న రక్షణను తగ్గిస్తాయి. తిన్న తరువాత వేసుకున్నా, ఇంజక్షన్‌గా తీసుకున్నా ప్రమాదం పూర్తిగా పోదు. చుట్ట, బీడీ, సిగరెట్ పుండును మానకుండా చేస్తాయి.

లక్షణాలు

రొమ్ము ఎముక క్రింద మంట, అర్ధరాత్రి నొప్పి, కడుపుబ్బరం, వికారం. తారులాంటి నల్లని విరేచనం, రక్తపు వాంతి లేక కాఫీపొడిలాంటి వాంతి, కళ్ళు తిరిగి పడిపోవడం, కడుపు చెక్కలా బిగిసి భరించలేని నొప్పి వస్తే, ఒక్క గంట కూడ ఆగక తెనాలికో గుంటూరుకో పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. ఛాతీనొప్పిని కూడ గ్యాస్ అని తేలికగా కొట్టివేయవద్దు, అది గుండెపోటు కావచ్చు.

చికిత్స

ఎండోస్కోపీతో పుండును చూస్తారు. క్రిమి ఉందో లేదో శ్వాస పరీక్ష, మల పరీక్ష కూడ చెబుతాయి. క్రిమి ఉంటే ఆమ్లాన్ని తగ్గించే మందుతోపాటు రెండు మూడు యాంటిబయాటిక్‌లు సాధారణంగా 14 రోజులు ఇస్తారు. నాలుగు రోజులకే మంట తగ్గిందని మానివేస్తే క్రిమి మొండిగా మారి మందులకు లొంగదు. పెన్సిలిన్ పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి. మందులు ముగిసిన నెల తరువాత మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. పాలు తాగితే కాసేపు హాయిగా ఉంటుంది, పుండు మాత్రం మానదు.

గుండెజబ్బుకు ఆస్పిరిన్ వాడేవారు తమంతట తాము మానకూడదు. పుండు ఉన్నవారు ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరును అడగండి.

ఈ రాత్రి మీ అమ్మగారినో అత్తగారినో ఒక్క మాట అడగండి: “నడుము నొప్పికి ఏ బిళ్ళ వేసుకుంటున్నారు? ఎన్నాళ్ళనుండి?” ఆ జవాబు ఒక ప్రాణాన్ని కాపాడవచ్చు.