ముంత చాలదా?

అస్థికలు పెట్టుకోవడానికి ‘ప్రీమియం’ ఇత్తడి కలశమట! చుట్టూ తామరపూలు, మూత మీద పేరు, అదనంగా డబ్బు కడితే ఫొటో కూడా చెక్కి ఇస్తారట. ఈ వారం మా బంధువుల్లో ఒక పెద్దాయన పోయారు. సంచయనానికి ముందురాత్రి పిల్లలంతా ఫోన్లు ముందేసుకుని ఏది కొందామా అని తర్జనభర్జన. ‘డల్లాస్‌లో మా ఫ్రెండ్ వాళ్ల నాన్నకి కొన్నది చూడు బాబాయ్, మనం మట్టిముంత పెడితే నలుగురూ ఏమనుకుంటారు?’ అన్నాడు పెద్దబ్బాయి. ఒళ్లు మండింది.

గోదావరిలో కలిపేదానికి ఇత్తడెందుకయ్యా? మన దగ్గర చితి చల్లారాక ఏరేది గుప్పెడు ఎముకలు. పాలూ నీళ్లూ చిలకరించి, కొత్త ముంతలో వేసి, మూతికి గుడ్డ కడతాం. రాజమండ్రిలో కోటిలింగాల రేవుకి వెళ్తే ఆ ముంతతో పని అయిపోతుంది. మరి ఇత్తడి కలశాన్ని ఏం చేస్తారు? ఖాళీది ఇంటికి తెచ్చుకోవడానికి మనసొప్పదు. రేవులో వదిలేస్తే ఏ పాతసామాన్ల కొట్టుకి చేరుతుందో దేవుడికెరుక.

అమెరికాలో లెక్క వేరే. అక్కడ కాలిన ఎముకల్ని మరలో పొడిచేసి ఇస్తారు. పెద్దమనిషైతే రెండు మూడు కిలోలు తూగుతుంది. అందుకే అక్కడి కలశాలు సాధారణంగా 200 ఘనపుటంగుళాలు, అంటే మూడు లీటర్ల పైచిలుకు ఉంటాయి. స్వదేశానికి తెచ్చేవాళ్లు కొట్టులో అడగాల్సింది నగిషీ గురించి కాదు, ఎక్స్‌రేలో లోపలిది కనిపిస్తుందా అని. అక్కడి విమానాశ్రయ తనిఖీలో, మీరే తెరవమని బతిమాలినా కలశం తెరవరు. దళసరి లోహమైతే తెర మీద ఏమీ కనిపించదు, కనిపించనిదాన్ని లోపలికి పోనివ్వరు. వందల డాలర్లు పోసిన ఇత్తడి అక్కడే ఆగుతుంది, దహనశాలవాళ్లు ఇచ్చిన మామూలు ప్లాస్టిక్ డబ్బా విమానమెక్కుతుంది. అమ్మేవాడు ఈ ముక్క చెబుతాడా?

మహామహులకే లేని పట్టింపు మనకెందుకు? నెహ్రూ తన వీలునామాలో పిడికెడు బూడిద గంగలో కలిపి, తక్కినదంతా విమానంలోంచి రైతుల పొలాల మీద చల్లమన్నారు. దాచుకుంటే ఏమవుతుందో గాంధీగారి విషయంలో చూశాం. ఆయన అస్థికల్లో ఒక భాగం కటక్‌లో బ్యాంకు ఖజానాలో చెక్కపెట్టెలో ఉండిపోయింది. అది 1997 జనవరి 30న గానీ ప్రయాగ సంగమానికి చేరలేదు.

సరే, బుద్ధి తెచ్చుకుని ముంతే కొందామని బయల్దేరామనుకోండి, దొరకొద్దూ? ఇక్కడ మొదలవుతుంది ఏడుచేపల కథ. కుమ్మరీ, కుమ్మరీ, సారె ఎందుకు తిప్పలేదు? బంకమట్టి లేదు. మట్టీ, మట్టీ, ఎందుకు లేవు? చెరువు లేదు. చెరువా, చెరువా, ఎక్కడికి పోయావు? వెంచరైపోయాను! ఏటా వినాయక చవితికి మట్టి విగ్రహాలే పెట్టండని హోర్డింగులు కట్టే ప్రభుత్వాలు, ఆ మట్టి ఏ చెరువులోంచి తేవాలో మాత్రం చెప్పవు. హైదరాబాద్‌లో 2024లో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చింది, బుల్డోజర్లు కదిలాయి, టీవీలకు పండగైంది. కబ్జా అయ్యాక కూల్చడం సరే, అనుమతులిచ్చి సంతకాలు పెట్టిన చేతుల మాటేమిటి? చెరువు శిఖం భూమిని ప్లాట్లుగా కోస్తున్న రోజున ఆ ఆఫీసులు తెరిచే ఉన్నాయి కదా?

2027లో గోదావరి పుష్కరాలు. మళ్లీ కోట్లు పోసి ఘాట్లకు టైల్స్ వేస్తారు, లైట్లు పెడతారు, శిలాఫలకాలు వేసుకుంటారు. అందులో ఒక్క పని కలపండి: ప్రతి రేవులో ఆ ఊరి కుమ్మరికి ఒక కొట్టు, ఆ కుమ్మరికి మట్టి తవ్వుకోవడానికి హద్దురాళ్లు పాతిన ఒక చెరువు. అది చేతకాకపోతే మట్టి గొప్పదనం మీద ఉపన్యాసాలైనా మానండి.