పేరులో నిలిచిన దీపము

ఒక ఊరి చరిత్రను శిలలును, తాళపత్రములును మాత్రమే చెప్పగలవని మనము తలచుచుందుము. ఏ పండితుడును వ్రాయకున్నను, తరతరములుగా ప్రజల నోట నిలిచిన పేర్లు కూడ చరిత్రకు సాక్షులే. ఆ సాక్ష్యమును తేలికగా చూడరాదని నా అభిప్రాయము.

పల్నాడు జిల్లాలో కృష్ణానది కుడిగట్టున అమరావతి కలదు. అచ్చటి మహాస్తూపము కాలక్రమమున శిథిలమై మట్టిదిబ్బగా మారినది. అది బౌద్ధుల కట్టడమన్న సంగతియే జనులు మరచిరి. అయినను ఆ దిబ్బను 'దీపాలదిన్నె' యని పిలుచుట మానలేదు. దిన్నె యనగా మెరకనేల. మరి దీపములెక్కడివి? అమరేశ్వరాలయములోని ఒక స్తంభముపై 1182వ సంవత్సరపు శాసనమున్నది. కోట వంశపు కేతరాజు బుద్ధదేవునికి గ్రామములను, అఖండదీపములను సమర్పించినట్లు అది తెలుపుచున్నది. ఆ దీపములు ఆరినను, వాని వెలుగు ఊరివారి మాటలో మిగిలినదని తలచుట యుక్తము.

18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అమరావతిని కట్టించునపుడు, ఈ దిన్నెను త్రవ్వి రాళ్లను కొత్త కట్టడములకు వాడిరి. 1797లో కాలిన్ మెకంజీ ఆ శిల్పములను చూచెను. అతడు 1816లో మరల వచ్చునప్పటికి స్తూపము చాలవరకు చెదరిపోయినది. తరువాత మిగిలిన శిల్పములలో కొన్ని చెన్నపట్టణము చేరినవి. కొన్ని సముద్రము దాటి లండనుకు పోయినవి. రాళ్లు ఊరు విడిచినవి గాని పేరు విడువలేదు.

ఈ చోటి ప్రాచీననామము ధాన్యకటకము. టిబెట్టులో లాసా నగరము చెంత 1416లో వెలసిన ద్రేపుంగ్ మఠమునకు ఈ పేరే మూలము. ద్రేపుంగ్ అనగా వారి భాషలో బియ్యపురాశి. మనవారి వాడుకనుండి తొలగిన పేరును హిమాలయముల కావలివారు కాపాడుకొనిరి. 2006లో దలైలామా కాలచక్ర మహోత్సవమును అమరావతిలో జరిపినపుడు, టిబెట్టు యాత్రికులు తమ మఠపు పేరు పుట్టిన చోటికే వచ్చిరి.

పేర్లు మారుట సహజమే కదా యని కొందరందురు. నిజమే. అమరావతి యనునదియు ధాన్యకటకము తరువాత వచ్చిన పేరే. మారుట దోషము కాదు. పాతదానిని వ్రాసిపెట్టకయే పారవేయుట దోషము. నేడు కుంటలు పూడుచున్నవి. దిబ్బలు చదునై ఇండ్లస్థలములగుచున్నవి. సర్వే నంబరు చోటును చూపగలదు గాని దాని కథను చెప్పజాలదు.

బాలబాలికలారా! మీ ఊరి పొలములకు, కుంటలకు, దిబ్బలకు పెద్దలు వాడు పేర్లను అడిగి వ్రాసికొనుడు. అర్థము తోచనప్పుడు సొంత ఊహతో దిద్దక, విన్నది విన్నట్లు వ్రాయుడు. దీపములను చూడనివారు సైతము ఆ పేరును మార్చక పలికినందుననే, శాసనములోని మాటకు నేడు మనకు తోడు దొరికినది.