ఒడ్డు తెలిసిన మనిషి తోడు

ఆంధ్రప్రదేశ్‌కు సుమారు వెయ్యి కిలోమీటర్ల సముద్రతీరం ఉన్నా, రాష్ట్రంలోని మూడు జాతీయ ఉద్యానాలైన శ్రీవేంకటేశ్వర, పాపికొండలు, రాజీవ్‌గాంధీ ఉద్యానాల్లో ఒక్కటీ కడలి ఒడ్డున లేదు. గుజరాత్‌లో 1982లో ఏర్పడిన కచ్ఛ్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానంలో, నీరు వెనక్కి తగ్గిన వేళ సందర్శకులను మార్గదర్శి వెంటబెట్టుకుని నరారా పగడపు దిబ్బల మీద నడిపిస్తాడు. అలాంటి నడకకు జాతీయ ఉద్యానమనే హోదా ఉండి తీరాలని లేదు. రాతి తీరమూ, దాని వేళలు ఎరిగిన మనిషీ ఉంటే చాలు. అనకాపల్లి జిల్లాలో ఆ రెండూ ఉన్నాయి.

తూర్పు కనుమల గుట్టలు సముద్రం దాకా సాగివచ్చిన ఈ ప్రాంతంలో రేవుపోలవరం వంటి చోట్ల ఇసుక మధ్య నుంచి బండలు నీటిలోకి చొచ్చుకుపోతాయి. చంద్రసూర్యుల ఆకర్షణ వల్ల నీరు రోజుకు రెండుమార్లు పెరగడాన్ని పోటు అనీ, తగ్గడాన్ని ఆటు అనీ అంటారు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఈ రెండింటి మధ్య తేడా ఎక్కువై, మిగతా రోజుల్లో మునిగి ఉండే బండలు కూడా కాసేపు బయటపడతాయి. ఎక్కువసేపు ఎండకు ఓర్చుకోగల చిన్న నత్తలు పైబండల మీదా, వాటికి దిగువన బార్నకిల్స్ అనే తెల్లని గుల్లజీవులూ, ఇంకా కింద నాచు, ఎండ్రకాయలు, తాకితే ముడుచుకుపోయే ఎనిమోన్‌లూ మెట్లు మెట్లుగా కాపురముంటాయి. చూడటానికి నత్తలా రాతిని అంటుకుని ఉండే బార్నకిల్ నిజానికి రొయ్యకూ పీతకూ చుట్టం. గుల్లలో తలకిందులుగా ఉండి, నీరు వచ్చినప్పుడు కాళ్లు బయటకు చాచి ఆహారాన్ని లాక్కుంటుంది. ఈ సంగతి చెప్పేవారు లేకపోతే అది కాలికి గీసుకునే గరుకు రాయిగానే మిగిలిపోతుంది.

మార్గదర్శి అవసరం విజ్ఞానంతోనే తీరదు. 2022 జూలైలో ఇదే జిల్లాలోని పూడిమడక తీరంలో అనకాపల్లి ప్రాంతపు ఇంజినీరింగ్ విద్యార్థులు పలువురు అలలకు కొట్టుకుపోయి మరణించారు. ఒడ్డుకు చేరిన నీరు ఒకచోట పోగై ఇరుకైన ధారగా వేగంగా లోపలికి మళ్లే ప్రవాహం పైకి ప్రశాంతంగానే కనిపిస్తుంది కాబట్టి కొత్తవారు దానిని గుర్తుపట్టలేరు. వేటకు పోయే మత్స్యకారుడు నీటి రంగును, నురుగు నడకను చూసి పసిగట్టగలడు. ప్రమాదం జరిగాక హెచ్చరిక పలక పాతడం కంటే ఆ మత్స్యకారుడికి శిక్షణా, జీతమూ ఇచ్చి ముందు నడిపించడం మేలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది గనుక ఆ 61 రోజుల్లో ఇది కుటుంబానికి ఆసరా కూడా అవుతుంది, వేసవి ఎండ దృష్ట్యా నడక తెల్లవారుజాము ఆటుకే పరిమితమైనా సరే.

ఇక్కడ తొందరపడక తప్పని కారణం మరొకటుంది. 2025 జనవరి 8న పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రానికీ, నక్కపల్లి ఔషధ పార్కుకూ ప్రధాని శంకుస్థాపన చేశారు. పరిశ్రమలు వద్దనడం ఈ శీర్షిక ఉద్దేశం కాదు. అయితే ఏ బండ మీద ఏ జీవి ఉందో ముందే నమోదై ఉంటేనే రేపు ఏది పోయిందో చెప్పగలం. నెలనెలా నడిచే బృందాలు రాసిపెట్టే పట్టికకు సాటివచ్చే చౌకైన నమోదు మరొకటి లేదు.

ఇందుకు పెద్ద పెట్టుబడీ అక్కర్లేదు. ఆటుపోట్ల వేళలను భారత సర్వే సంస్థ ఏటా ముందుగానే ప్రచురిస్తుంది, అలల హెచ్చరికలను హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రోజూ ఇస్తుంది. పదిహేను మందికి మించని బృందం, గంటన్నర నడక, గవ్వలు ఏరకూడదన్న నియమం, ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లుపెట్టే నెలల్లో ఇసుకపై రాత్రి దీపాల నిషేధం: ఇంతవరకే ఏర్పాటు. జిల్లా యంత్రాంగం, అటవీ శాఖ కలిసి రాబోయే శీతాకాలపు పౌర్ణమికి రేవుపోలవరంలో మొదటి నడకను ప్రారంభించాలి.